త్వరణం మారుతుంటే లెక్క ఎలా చేయాలి? మెకానిక్స్‌లో కాలిక్యులస్ వాడే పద్ధతి

ఇంటర్ ఫస్టియర్ పిల్లలు, ఎంట్రన్స్‌లకు చదివేవాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే. "డిఫరెన్షియేషన్ వచ్చు, ఇంటిగ్రేషన్ కూడా కాస్త వచ్చు. ఫిజిక్స్ లెక్క ముందుకొస్తే మాత్రం ఏది ఎక్కడ పెట్టాలో తోచదు." ఇందులో వాళ్ల తప్పేమీ లేదు. ఫిజిక్స్ క్లాసు మొదలైన కొద్ది వారాలకే వేగం అంటే డీఎక్స్ బై డీటీ అని బోర్డు మీద పడుతుంది. మ్యాథ్స్‌ను 1ఏ, 1బీ, 2ఏ, 2బీలుగా చదివినవాళ్లకు డిఫరెన్షియేషన్ 1బీలో, ఇంటిగ్రేషన్ ఏకంగా సెకండియర్ 2బీలో వస్తాయి. ఈ మధ్యలో విద్యార్థి చేతికి దొరికేది మూడు గమన సమీకరణాలే. అన్ని లెక్కలకూ వాటినే వాడేస్తాడు, సగం లెక్కలు తప్పుతాయి.

నిజానికి ఈ లెక్కల్లో గణితం తక్కువ, నిర్ణయం ఎక్కువ. ఇంటిగ్రేషన్ చేయడం దగ్గర ఆగిపోయేవాళ్లు కొద్దిమందే. ఏ రూపంతో మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయేవాళ్లే ఎక్కువ. అందుకే ఇక్కడ ఆ నిర్ణయం గురించే ఎక్కువ చెబుతాను.

ముందుగా ఏం కావాలి

- ఘాతాల డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్. టీ³ ను డిఫరెన్షియేట్ చేస్తే 3టీ², టీ² ను ఇంటిగ్రేట్ చేస్తే టీ³/3. లెక్కల్లో ముప్పాతిక వంతు దీంతోనే గడిచిపోతుంది.
- సైన్, కాస్, లాగ్‌ల డిఫరెన్షియేషన్. 1/వీ ని ఇంటిగ్రేట్ చేస్తే లాగ్ వీ వస్తుందన్నది బాగా గుర్తుండాలి. ఇక్కడ లాగ్ అంటే సహజ లాగరిథమ్, 10 ఆధారంగా ఉండేది కాదు.
- చైన్ రూల్. త్వరణాన్ని వీ × డీవీ/డీఎక్స్ అని రాయడానికి కావలసింది ఇదే.
- న్యూటన్ రెండో నియమం, గీతలు గీయడానికి కాస్త ఖాళీ కాగితం.

ఇంటిగ్రేషన్ బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్ లాంటివి ఇప్పుడు అక్కర్లేదు. అవి రావని టెన్షన్ పడి ఆగిపోకండి.

గుర్తులు: ఎక్స్ స్థానం, టీ కాలం, వీ వేగం, యూ తొలి వేగం. త్వరణాన్ని మాటల్లోనే రాస్తాను. దూరాలన్నీ మీటర్లలో, కాలం సెకన్లలో.

1. బొమ్మ గీయండి, సున్నా ఎక్కడో గుర్తించండి

సున్నా బిందువు ఎక్కడ, ధన దిశ ఎటు, గడియారం ఎప్పుడు మొదలైంది? ఈ మూడూ కాగితం మీద పెట్టాకే సమీకరణం రాయండి. పైకి విసిరిన రాయి లెక్కలో పైదిశను ధనంగా తీసుకుంటే, రాయి కిందికి వస్తున్నప్పుడు కూడా త్వరణం −9.8 గానే ఉండాలి. "ఇప్పుడు కిందికి పడుతోంది కదా" అని మధ్యలో ప్లస్‌గా మార్చేయడం చాలామంది చేసే పని. దిశ ఒకసారి పెట్టుకుంటే లెక్క ముగిసేదాకా అదే.

2. త్వరణం దేని మీద ఆధారపడిందో అడగండి

అసలు కీలకం ఇక్కడే ఉంది. బలం ఇస్తే ముందు ద్రవ్యరాశితో భాగించి త్వరణం రాసుకోండి. దాని కుడివైపున ఏ అక్షరం కనిపిస్తోందో చూడండి.

- ఏ అక్షరమూ లేదు, వట్టి సంఖ్యే ఉంది: త్వరణం స్థిరం. మీకు తెలిసిన మూడు గమన సమీకరణాలు హాయిగా వాడండి. ఇక్కడ కాలిక్యులస్ తేవడం సమయం దండగ.
- టీ ఉంది: త్వరణం = డీవీ/డీటీ అని మొదలుపెట్టండి.
- ఎక్స్ ఉంది: త్వరణం = వీ × డీవీ/డీఎక్స్.
- వీ ఉంది: రెండు దారులున్నాయి. ప్రశ్న కాలం అడిగితే డీవీ/డీటీ, దూరం అడిగితే వీ × డీవీ/డీఎక్స్.

త్వరణానికి బదులు ఎక్స్‌నే టీ లో ఇచ్చేస్తే ఇంకా సులువు. ఒకసారి డిఫరెన్షియేట్ చేస్తే వేగం, రెండోసారి చేస్తే త్వరణం.

వీ × డీవీ/డీఎక్స్ ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. డీవీ/డీటీ ని డీవీ/డీఎక్స్ × డీఎక్స్/డీటీ అని విడదీశాం, రెండోది వీ యే కదా. అంతకు మించి అందులో ఏమీ లేదు.

3. స్థానం ఇచ్చినప్పుడు: దూరం వేరు, స్థానభ్రంశం వేరు

ఎక్స్ = టీ³ − 6టీ² + 9టీ అనుకోండి. మొదటి 4 సెకన్లలో వస్తువు ఎంత దూరం తిరిగింది?

టీ = 4 పెడితే 64 − 96 + 36 = 4. చాలామంది "4 మీటర్లు" అని రాసి తర్వాతి ప్రశ్నకు వెళ్లిపోతారు. అది స్థానభ్రంశం మాత్రమే. దూరం కావాలంటే వస్తువు ఎక్కడ వెనక్కి తిరిగిందో తెలియాలి, అంటే వేగం ఎప్పుడు సున్నా అయిందో చూడాలి.

వీ = 3టీ² − 12టీ + 9 = 3(టీ − 1)(టీ − 3). కాబట్టి 1వ సెకను దగ్గర, 3వ సెకను దగ్గర తిరిగింది. ఆయా సమయాల్లో స్థానాలు రాయండి: 0 దగ్గర 0, 1 దగ్గర 4, 3 దగ్గర మళ్లీ 0, 4 దగ్గర 4. నాలుగు ముందుకు, నాలుగు వెనక్కి, నాలుగు ముందుకు, మొత్తం 12 మీటర్లు. సగటు వడి 3 మీ./సె., సగటు వేగం 1 మీ./సె. ఒకే ప్రశ్నలో రెండింటినీ అడిగి కలగాపులగం చేయడం పరీక్షలు పెట్టేవాళ్లకు సరదా.

ఇదే లెక్కలో ఇంకో ఉచ్చుంది. త్వరణం = 6టీ − 12. 1వ సెకను దగ్గర వేగం సున్నా, త్వరణం మాత్రం −6. వేగం సున్నా అయిన చోట త్వరణం కూడా సున్నా అవ్వాలనే నియమం లేదు. అదీ సున్నా అయి అలాగే ఉంటే వస్తువు వెనక్కి తిరగకుండా అక్కడే నిలిచిపోయేది.

4. విడదీసి, రెండువైపులా అవధులు పెట్టండి

త్వరణం = 4 − 2టీ, తొలి వేగం 5 మీ./సె. వస్తువు ఎప్పుడు ఆగుతుంది?

డీవీ = (4 − 2టీ) డీటీ అని రాయండి. ఎడమవైపు వీ సంగతులే, కుడివైపు టీ సంగతులే ఉండాలి. రెండూ కలిసిపోయి ఉంటే ఇంటిగ్రేట్ చేయకండి. ఇప్పుడు అవధులు: టీ 0 నుంచి టీ దాకా, వీ 5 నుంచి వీ దాకా. దిగువ అవధులు రెండూ ఒకే క్షణానికి చెందాలి, ఎగువ అవధులు రెండూ కూడా ఇంకో ఒకే క్షణానికి చెందాలి.

వీ − 5 = 4టీ − టీ². అంటే వీ = 5 + 4టీ − టీ². ఇది సున్నా కావాలంటే టీ = 5 (−1 కూడా వస్తుంది, కానీ గడియారం అప్పటికి మొదలు కాలేదు). గరిష్ఠ వేగం త్వరణం సున్నా అయిన చోట, అంటే 2వ సెకను దగ్గర, 9 మీ./సె. ఇంకోసారి ఇంటిగ్రేట్ చేస్తే 5 సెకన్లలో 25 + 50 − 125/3, సుమారు 33.3 మీటర్లు.

ఇక్కడ గమన సమీకరణం వీ = యూ + ఏటీ (ఏ అంటే త్వరణం) పెట్టినవాళ్లకు ఏం వస్తుందో చూడండి. 5వ సెకను దగ్గర త్వరణం −6. కాబట్టి 5 − 30 = −25 మీ./సె. అసలు జవాబు సున్నా! చివరి క్షణం త్వరణాన్ని తీసుకొని మొత్తం కాలంతో గుణిస్తే ఇలాగే అవుతుంది.

ఇంటిగ్రేషన్ ఇంకా రాదా? గ్రాఫ్ గీయండి. త్వరణం–కాలం గ్రాఫ్ కింది వైశాల్యమే వేగంలో మార్పు. ఈ లెక్కలో గ్రాఫ్ సరళరేఖ కాబట్టి రెండు త్రిభుజాలు వస్తాయి. 0 నుంచి 2 దాకా ఉన్నది గీత పైన, వైశాల్యం 4. 2 నుంచి 5 దాకా ఉన్నది గీత కింద, వైశాల్యం 9. మార్పు −5, తొలి వేగం 5, చివరికి సున్నా. ఇంటిగ్రేషన్ వచ్చినవాళ్లు కూడా సరిచూసుకోవడానికి ఇది వాడొచ్చు.

అవధుల బదులు "+ సీ" రాసే అలవాటుంటే అలాగే చేయండి, తప్పేం లేదు. కాకపోతే సీ విలువ వెంటనే కనుక్కోండి. "తర్వాత చూద్దాం" అనుకుంటే రెండోసారి ఇంటిగ్రేట్ చేసేటప్పుడు అది మాయమైపోతుంది. తొలి వేగం సున్నా అయినా సీ సున్నా కాకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి. లాగ్ వచ్చే లెక్కల్లో ఇది తరచూ దెబ్బతీస్తుంది.

5. త్వరణంలో వీ ఉన్నప్పుడు

పడవ 5 మీ./సె. వేగంతో పోతుండగా ఇంజన్ ఆపేశారు. నీటి నిరోధం వల్ల త్వరణం = −0.1వీ. వేగం సగానికి తగ్గడానికి ఎంతసేపు పడుతుంది? ఆలోగా ఎంత దూరం పోతుంది?

కాలానికి: డీవీ/వీ = −0.1 డీటీ. ఇంటిగ్రేట్ చేస్తే లాగ్(వీ/5) = −0.1టీ. వీ = 2.5 పెడితే టీ = 10 × లాగ్ 2, అంటే సుమారు 6.9 సెకన్లు.

దూరానికి చాలామంది ఈ వేగాన్ని టీ లోకి మార్చి మళ్లీ ఇంటిగ్రేట్ చేస్తారు. జవాబు వస్తుంది, కానీ చుట్టుదారి. వీ × డీవీ/డీఎక్స్ = −0.1వీ అని రాస్తే రెండువైపులా వీ కొట్టేసుకుపోతుంది. మిగిలేది డీవీ/డీఎక్స్ = −0.1. అంటే వీ = 5 − 0.1ఎక్స్. సగం కావడానికి 25 మీటర్లు, పూర్తిగా ఆగడానికి 50 మీటర్లు. రెండు వరుసల్లో పని అయిపోయింది.

ఒక వింత గమనించండి. ఆగే దూరం 50 మీటర్లని వచ్చింది కానీ, ఆగే కాలం అడిగితే లాగ్ సున్నా దగ్గరికి వెళ్లి లెక్క అనంతమవుతుంది. లెక్క తప్పలేదు. ఈ నమూనాలో పడవ 50 మీటర్ల గుర్తుకు అంతకంతకూ దగ్గరవుతుందే తప్ప చేరదు. నిజం పడవ ఆగిపోతుంది, ఎందుకంటే నీటి నిరోధం అన్ని వేగాల దగ్గరా కచ్చితంగా వీ కి అనులోమంగా ఉండదు.

గాలి నిరోధంతో కింద పడే వస్తువు లెక్క కూడా ఈ జాతిదే. గురుత్వ త్వరణం 10 తీసుకొని త్వరణం = 10 − 0.5వీ అనుకోండి, విశ్రాంతి నుంచి మొదలు. డీవీ/(10 − 0.5వీ) = డీటీ. ఇక్కడ ఇంటిగ్రేట్ చేసేటప్పుడు వీ ముందున్న −0.5 తో భాగించడం మరిచిపోతారు. భాగిస్తే లాగ్(1 − వీ/20) = −0.5టీ వస్తుంది. వేగం ఎంత పెరిగినా 20 మీ./సె. దాటదు, చరమ వేగం అదే. ఆ సంఖ్యకు ఇంటిగ్రేషన్ కూడా అక్కర్లేదు, త్వరణాన్ని సున్నా చేస్తే చాలు.

6. త్వరణంలో ఎక్స్ ఉన్నప్పుడు

భూమి నుంచి పలాయన వేగం కనుక్కోవడం దీనికి మంచి ఉదాహరణ. భూకేంద్రం నుంచి దూరం ఎక్స్, భూవ్యాసార్ధం ఆర్ అనుకుంటే త్వరణం = −9.8 × ఆర్²/ఎక్స్². వీ డీవీ = −9.8 ఆర్² డీఎక్స్/ఎక్స్² అని విడదీసి, వీ ని యూ నుంచి 0 దాకా, ఎక్స్‌ను ఆర్ నుంచి అనంతం దాకా ఇంటిగ్రేట్ చేయండి. యూ² = 2 × 9.8 × ఆర్. ఆర్ = 6400 కి.మీ. ని మీటర్లలో పెడితే 11,200 మీ./సె., అంటే సెకనుకు 11.2 కిలోమీటర్లు.

ఎక్స్‌ను నేల నుంచి కొలిచి, అవధి 0 నుంచి పెట్టినవాళ్లకు 1/0 వచ్చి లెక్క ఆగిపోతుంది. ఒకటో మెట్టులో సున్నా బిందువు గుర్తించమన్నది ఇందుకే.

ఈ రకం లెక్కల్లో చివరికి వచ్చేది వీ². వర్గమూలం తీసినప్పుడు ప్లస్సా మైనస్సా అన్నది బొమ్మ చూసి తేల్చుకోండి. ఇంకో మాట: బలం ఎక్స్ మీదే ఆధారపడినప్పుడు శక్తి నిత్యత్వంతో కూడా ఇదే జవాబు వస్తుంది, తరచూ ఇంకా వేగంగా. స్ప్రింగ్ లెక్కలకు నేనైతే శక్తి దారే పట్టమంటాను.

శ్రీహరికోట నుంచి లేచే రాకెట్ లెక్కకు మాత్రం జాగ్రత్త. ద్రవ్యరాశి మారుతోంది కదా అని ద్రవ్యవేగాన్ని ప్రోడక్ట్ రూల్‌తో డిఫరెన్షియేట్ చేసి బాహ్య బలానికి సమానం చేసేస్తే తప్పు జవాబు వస్తుంది. బయటికి పోయే వాయువు తనతో తీసుకుపోయే ద్రవ్యవేగాన్ని కూడా లెక్కలోకి తేవాలి.

7. మారే బలం చేసే పని: ఒక చిన్న ముక్క తీసుకోండి

10 మీటర్ల లోతు బావి. నీళ్లతో కలిపి చేద 12 కిలోలు. తాడు మీటరుకు 0.2 కిలోలు. చేదను పైదాకా నెమ్మదిగా లాగడానికి ఎంత పని చేయాలి?

చేద బరువు మారదు: 12 × 9.8 × 10 = 1176 జౌళ్లు. తాడు సంగతి వేరు. లాగేకొద్దీ వేలాడే తాడు తగ్గుతుంది. వేలాడే పొడవు వై మీటర్లు ఉన్నప్పుడు దాని బరువు 0.2 × 9.8 × వై. ఇంకాస్త, డీవై అంత, లాగితే పని 1.96వై డీవై. 0 నుంచి 10 దాకా ఇంటిగ్రేట్ చేస్తే 1.96 × 50 = 98 జౌళ్లు. మొత్తం 1274.

తాడు 2 కిలోలు కదా అని 2 × 9.8 × 10 = 196 కలిపేస్తే తప్పు. తాడు మొత్తం 10 మీటర్లు లేవలేదు, పైకొస ముక్క దాదాపు లేవనే లేదు. ఇంటిగ్రేషన్ లేకుండా సరిచూడాలంటే ద్రవ్యరాశి కేంద్రం చూడండి: 2 కిలోలు సగటున 5 మీటర్లు లేచాయి, 98 జౌళ్లు.

ఎంట్రన్స్ పరీక్షల్లో ఎన్నోసార్లు కనిపించే, టేబుల్ అంచు నుంచి వేలాడే గొలుసు లెక్క కూడా ఇదే. అక్కడా వేలాడే ముక్క బరువును దాని సగం పొడవుతో గుణిస్తే జవాబు వచ్చేస్తుంది.

8. గరిష్ఠం, కనిష్ఠం

"అతి తక్కువ", "అతి ఎక్కువ" అనే మాట కనిపిస్తే ఆ రాశిని ఒకే చలరాశిలో రాసి, డిఫరెన్షియేట్ చేసి సున్నాకు సమానం చేయండి. ఒక కిటుకు: దూరం కనిష్ఠం అడిగితే దూరం వర్గాన్ని కనిష్ఠం చేయండి, వర్గమూలం బెడద ఉండదు.

కూడలి నుంచి ఒకరు తూర్పుకు 3 మీ./సె. తో బయల్దేరారు. అదే క్షణంలో కూడలికి 50 మీటర్లు ఉత్తరాన ఉన్న ఇంకొకరు కూడలి వైపు 4 మీ./సె. తో వస్తున్నారు. దూరం వర్గం = (3టీ)² + (50 − 4టీ)². డిఫరెన్షియేట్ చేస్తే 50టీ = 400, టీ = 8. అప్పుడు దూరం √(576 + 324) = 30 మీటర్లు.

సరిచూసుకోవడం ఎలా

జవాబు వెనక పేజీలో ఉంటే చూసుకోవచ్చు. పరీక్ష హాల్లో ఆ సౌకర్యం ఉండదు. కిందివాటిలో ఏ రెండు చేసినా చాలు.

ప్రమాణాలు చూడండి. త్వరణం = −0.1వీ లో 0.1 ప్రమాణం "సెకనుకు". లాగ్ లోపలిది వట్టి సంఖ్యగా మిగలాలి. లాగ్ వీ అని ఒంటరిగా మిగిలిందంటే ఎక్కడో ఒక అవధి పోయింది.

వెనక్కి వెళ్లండి. ఇంటిగ్రేట్ చేసి తెచ్చిన దాన్ని డిఫరెన్షియేట్ చేస్తే మొదలుపెట్టిన త్వరణమే రావాలి. టీ = 0 పెడితే తొలి వేగం రావాలి. పట్టేది పది సెకన్లే, పట్టుబడే తప్పులు మాత్రం చాలా.

సంఖ్యలతో చూడండి. మూడో మెట్టులోని ఎక్స్‌కు 2వ సెకను దగ్గర వేగం −3. నిజమేనా? టీ = 2 దగ్గర ఎక్స్ = 2, టీ = 2.01 దగ్గర సుమారు 1.97. తేడా −0.03 ను 0.01 తో భాగిస్తే −3. సరిపోయింది.

చివరి హద్దులు చూడండి. గాలి నిరోధం లెక్కలో టీ చాలా చిన్నదైతే వేగం 10టీ కి దగ్గరగా ఉండాలి, ఎందుకంటే మొదట్లో నిరోధం దాదాపు లేదు. లాగ్(1 − వీ/20) అప్పుడు సుమారు −వీ/20, కాబట్టి వీ = 10టీ. బాగుంది.

కాలిక్యులేటర్‌తో చేసేవాళ్లకు ఒక హెచ్చరిక. సైన్ డిఫరెన్షియేషన్ కాస్ అయ్యేది కోణం రేడియన్లలో ఉన్నప్పుడే. ఎక్స్ = 0.1 సైన్(2టీ) లో 0.5వ సెకను దగ్గర వేగం 0.2 × కాస్ 1, అంటే 0.108 మీ./సె. డిగ్రీల మోడ్‌లో ఉంచి నొక్కితే 0.2 వస్తుంది. చూడటానికి అది కూడా నమ్మదగ్గ సంఖ్యలాగే ఉంటుంది, అదే ప్రమాదం.

మీరే చేసి చూడండి

అ) ఎక్స్ = 2టీ³ − 9టీ² + 12టీ. మొదటి 3 సెకన్లలో స్థానభ్రంశం, దూరం?

ఆ) త్వరణం = −2√వీ, తొలి వేగం 16 మీ./సె. ఎంతసేపటికి, ఎంత దూరంలో ఆగుతుంది?

ఇ) 2 కిలోల వస్తువు ఎక్స్ = 0 దగ్గర విశ్రాంతి నుంచి కాస్త ముందుకు కదిలింది. దాని మీద బలం 12ఎక్స్ − 3ఎక్స్² న్యూటన్లు. గరిష్ఠ వేగం ఎక్కడ, ఎంత?

జవాబులు: అ) 9 మీటర్లు, 11 మీటర్లు. ఆ) 4 సెకన్లు, 64/3 మీటర్లు. పడవ లెక్కలా కాకుండా ఇక్కడ వస్తువు నిజంగానే ఆగుతుంది. ఇ) ఎక్స్ = 4 దగ్గర, గతిజశక్తి 32 జౌళ్లు, వేగం సుమారు 5.66 మీ./సె. మూడోదానిలో 8 మీ./సె. వచ్చిందంటే, బలాన్ని ద్రవ్యరాశితో భాగించకుండా దాన్నే త్వరణంగా వాడేశారు. మళ్లీ రెండో మెట్టు నుంచి చేయండి.